ఎండాకాలంలో డ్రైవ్ ట్రిప్ కొడుతుంటే: సిరొంచలోని అల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ప్రాణహిత ఒడ్డున నీళ్లు తోడే 10 హెచ్‌పీ మోటారుకు పెట్టిన డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) మధ్యాహ్నం కాగానే వేడెక్కి ట్రిప్ అవుతోందన్నావు, అంటే తనంతట తానే ఆగిపోతోందన్నమాట. దానంతటదే రీసెట్ అయ్యేలా సెట్ చేసి మాత్రం వదిలెయ్యకు. లోపల కరెంటును ఆన్-ఆఫ్ చేసే ఐజీబీటీలు కాలిపోకుండా ఆపుతున్నది ఆ ట్రిప్పే.

ముందు ఒక థర్మామీటర్ కొని, డ్రైవ్ అడుగున గాలి లోనికి పోయేచోట పెట్టు. ఫోన్‌లో చూపించే 46 డిగ్రీలు నీడలో లెక్క. రేకుల షెడ్డులో మూసిన ప్యానెల్ లోపల 60 కూడా దాటుతుంది. చాలా డ్రైవులు పూర్తి లోడు లాగేది 40 డిగ్రీల దాకే. ఆపైన 50 వరకు డిగ్రీకి ఒకటి రెండు శాతం కరెంటు తగ్గించుకోవాలి. కచ్చితమైన లెక్క మాన్యువల్లో ఉంటుంది, చూడు. డ్రైవ్ లోపల కరెంటు నిల్వచేసే కెపాసిటర్ల సంగతి ఇంకా కఠినం: వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుంది. పైమూత ఉబ్బినా, జిగురు కారినా మార్చేయాల్సిందే.

7.5 కిలోవాట్ల డ్రైవ్‌లో మూడు శాతం వేడిగా పోతుందనుకున్నా 225 వాట్లు. లోపలి గాలి బయటికంటే 10 డిగ్రీలు మించకూడదంటే గంటకు 70 ఘనపు మీటర్ల గాలి ఆడాలి. ఫిల్టర్ అడ్డుంటుంది కనుక 120 ఇచ్చే ఫ్యాన్ తీసుకో. గాలి కింద నీడవైపు నుంచి రావాలి, పైనుంచి పోవాలి. డ్రైవ్‌కు పైనా కిందా 100 మిల్లీమీటర్లు ఖాళీ వదులు. తలుపు తెరిచి టేబుల్ ఫ్యాన్ పెట్టడం వద్దు. ఒడ్డున లేచే దుమ్ము, పురుగులు నేరుగా బోర్డుల మీదికి పోతాయి.

ఫిల్టర్ వారానికోసారి దులుపు. హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు రెక్కలు) శుభ్రం చేసేముందు మెయిన్ ఆపి, పది నిమిషాలు ఆగి, డీసీ టెర్మినళ్ల దగ్గర మీటర్ పెట్టి చూడు. నడిచేటప్పుడు అక్కడ 580 వోల్టుల దాకా ఉంటుంది, ప్రాణాలు పోతాయి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో, లేకపోతే అడ్డగోలుగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. చేతిలో పని ఉన్నప్పుడే టెర్మినల్ స్క్రూలు కూడా బిగించు.

క్యారియర్ ఫ్రీక్వెన్సీ (ఐజీబీటీలు ఆన్-ఆఫ్ అయ్యే వేగం) 8 కిలోహెర్ట్జ్ ఉంటే 4కి దించు, డ్రైవ్ వేడి తగ్గుతుంది. మోటారు కొంచెం కూత పెడుతుంది, భయపడకు. స్పీడు 50 నుంచి 45 హెర్ట్జ్‌కు తగ్గిస్తే లోడు పాతిక శాతం దాకా తగ్గుతుంది. కానీ ఒడ్డు ఎత్తు ఎక్కువైతే నీళ్లే పైకెక్కవు, పైపు దగ్గర నిలబడి చూసుకుంటూ తగ్గించు.

ఇవన్నీ చేశాక మధ్యాహ్నం రెండింటికి లోపలి ఉష్ణోగ్రత, ఆంపియర్లు రాసి పంపు. 15 హెచ్‌పీ డ్రైవ్ కొనాలా వద్దా అన్నది అప్పుడు చెబుతా.

మీ మామ