నెల రోజుల ఆటకు ప్రో బ్యాట్ వద్దు తమ్ముడూ

నువ్వు అడిగింది ఇదీ: పరకాలలో నెల కింద షటిల్ మొదలుపెట్టావు, పదేళ్లుగా ఆడుతున్న మీ మామయ్య తనకూ నీకూ ఒకేసారి రెండు యోనెక్స్ ఆస్ట్రాక్స్ 88డి ప్రో బ్యాట్లు తీసుకుందామంటున్నాడు, అసలు యోనెక్స్, లీ నింగ్, విక్టర్ మూడు కంపెనీల్లో ఏది మంచిది అని. మీ మామయ్యకు ఆ బ్యాట్ సరిపోవచ్చు. నీకు మాత్రం వద్దు, గట్టిగా చెప్తున్నా.

నేను హనుమకొండలో తొమ్మిదేళ్లుగా ఆడుతున్నా, పొద్దున ఐదున్నరకల్లా కోర్టులో ఉంటా. మొదలుపెట్టిన రెండో నెలలోనే తల బరువుగా, షాఫ్ట్ (తలకీ పిడికీ మధ్య ఉండే కడ్డీ) గట్టిగా ఉండే బ్యాట్ ఒకటి కొన్నాను. షాపతను గట్టింగ్, అంటే తీగల బిగింపు, 27 పౌండ్లకు చేసి ఇచ్చాడు, నేనూ ఎందుకంత అని అడగలేదు, ఎంత టైట్‌గా ఉంటే షటిల్ కాక్ అంత దూరం పోతుందనుకున్నా. పోలేదు. టాస్, అంటే ఎత్తుగా వెనక్కి వేసే షాట్, కొడితే వెనక గీత దాకా వెళ్లాల్సింది కోర్టు మధ్యలోనే పడేది, దాంతో ఇంకా బలంగా కొట్టేవాణ్ని, అదీ ప్లాస్టిక్ కాక్‌తో. మూడు వారాలకు మోచేతి బయటి వైపు నొప్పి మొదలైంది. బండి ఎక్సలేటర్ తిప్పాలన్నా, బకెట్‌లోంచి చెంబుతో నీళ్లు ముంచాలన్నా ప్రాణం పోయేది. ఫిజియో దగ్గరికి వెళ్తే టెన్నిస్ ఎల్బో అన్నారు, నాలుగు నెలలు ఆట బంద్. నువ్వు ఆ నాలుగు నెలలు పోగొట్టుకోవద్దనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

సంగతేంటంటే, గట్టి షాఫ్ట్ వంగాలంటే చెయ్యి చాలా వేగంగా తిరగాలి. ఆ వేగం ఉన్నవాళ్లు ఎక్కడ అనుకుంటే అక్కడ కాక్ వేయగలరు. నీలాంటి కొత్తవాళ్ల చేతిలో అది వంగనే వంగదు, దెబ్బంతా మోచేతికీ భుజానికీ వస్తుంది. మెత్తటి షాఫ్ట్ అయితే నెమ్మదిగా తిప్పినా వెనక్కి వంగి, మళ్లీ తిన్నగై కాక్‌ను తోస్తుంది. గట్టింగ్ కూడా అంతే, కాస్త వదులుగా ఉంటే కాక్‌ను అదే ఎగరేస్తుంది, బాగా బిగిస్తే సరిగ్గా మధ్యలో తగిలినప్పుడే పని చేస్తుంది. కొత్తవాళ్లకు ప్రతిసారీ మధ్యలో ఎక్కడ తగులుతుంది చెప్పు?

ఇక కంపెనీల గురించి. తల బరువు, తల తేలిక, రెండింటికీ మధ్యస్థం, ఈ మూడు రకాలూ మూడు కంపెనీల్లోనూ ఉన్నాయి. యోనెక్స్‌లో ఆస్ట్రాక్స్ తల బరువు, నానోఫ్లేర్ తల తేలిక, ఆర్క్‌సేబర్ మధ్యలో. లీ నింగ్‌లో అదే వరుసలో ఆక్స్‌ఫోర్స్, బ్లేడెక్స్, హాల్బర్టెక్. విక్టర్‌లో థ్రస్టర్, ఆరాస్పీడ్, డ్రైవ్‌ఎక్స్. సింధు 2019లో లీ నింగ్‌తో ఒప్పందం చేసుకున్నాక మా కోర్టులో పిల్లలు అదే కావాలని అడగడం ఎక్కువైంది, తప్పేం లేదు, కానీ ఏ రకం, షాఫ్ట్ ఎంత గట్టి అని మాత్రం ఎవరూ అడగరు. పైగా ఒకే పేరు మీద వేరే వేరే బ్యాట్లు ఉంటాయి. ఆస్ట్రాక్స్ 88డి అనే పేరుతోనే ప్లే, ప్రో రెండూ దొరుకుతాయి, ప్లేలో షాఫ్ట్ ప్రోలో కంటే మెత్తగా ఉంటుంది. ధరలో కూడా చాలా తేడా.

నేను మూడు కంపెనీలవీ ఆడాను. నా చేతికి లీ నింగ్‌లో తక్కువ ధర బ్యాట్లు పెట్టిన డబ్బుకు బాగా అనిపించాయి, యోనెక్స్‌లో తేలిక బ్యాట్లు బ్యాక్‌హ్యాండ్‌కు హాయిగా ఉంటాయి, విక్టర్ ఒకటే హైదరాబాద్ నుంచి తెప్పించుకున్నా, డబుల్స్‌లో ఇప్పటికీ అదే వాడుతున్నా. అయినా నీకు చెప్పేది ఒక్కటే, కంపెనీ ఏదైనా కానీ, పిడి పైన కోన్ మీద 5యు అని ఉన్నది చూడు, అంటే 75 నుంచి 79 గ్రాములు, లేదంటే 4యు, అది 80 నుంచి 84. షాఫ్ట్ ఫ్లెక్సిబుల్, అంటే మెత్తగా వంగేది, అని రాసి ఉండాలి. పూర్తిగా గ్రాఫైట్‌ది తీసుకో, ఫ్రేమ్ అల్యూమినియంది వద్దు. రెండున్నర, మూడు వేలు చాలు. కంపెనీ వేసిచ్చిన గట్టు, అంటే ఆ తీగలు, తీయించి యోనెక్స్ బీజీ65 తీగ వేయించు, 0.70 మిల్లీమీటర్ల మందం కాబట్టి తొందరగా తెగదు, 21 లేదా 22 పౌండ్లు అని నువ్వే చెప్పు, వాళ్లు ఎక్కువ చేద్దామన్నా ఒప్పుకోకు. ఏడాది ఆడాక, టాస్ ఈ గీత నుంచి ఆ గీతకు సులువుగా పోతున్నప్పుడు, 24కి వెళ్లు.

మీ మామయ్యను మాత్రం డబుల్స్‌లో ఎక్కడ నిలబడతాడో అడుగు. వెనక నుంచి స్మాష్‌లు కొట్టేవాళ్ల కోసం 88డి, నెట్ దగ్గర ఆడేవాళ్ల కోసం 88ఎస్ చేశారు. ఆయన ఎక్కువగా ముందే ఉంటే డి ఎందుకు? భుజం నొప్పి ఉందా అని కూడా అడుగు, వయసు పెద్దదైతే అది అన్నిటికంటే ముఖ్యం.

ఎండాకాలంలో బ్యాట్‌ను కారు డిక్కీలో వదిలేయొద్దు, మన దగ్గర మే నెల వేడికి గట్టు సాగిపోతుంది. కొనే ముందు ఏదైనా ఆదివారం హనుమకొండ వచ్చెయ్, నా దగ్గర మూడు రకాలూ ఉన్నాయి, ఒక్కోదానితో పావుగంట ఆడి చూసుకో.