బోల్టు ధర కంటే ముందు వీసా సంగతి

"అన్నా, 70 డాలర్లకు ఒకటుంది, 220కి ఒకటుంది. ఫొటోలో రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఏది కొనమంటారు?" అని మా వీధిలో కొత్తగా ఇల్లు కొన్న తమ్ముడు అడిగాడు. అతను అడుగుతున్నది ఏఆర్-15 రైఫిల్‌లో ఉండే బోల్ట్ క్యారియర్ గురించి. తూటా కూర్చునే గదిని వెనక నుంచి మూసే బోల్టు, దాన్ని మోసే క్యారియర్ కలిసిన భాగమది. ఒకప్పుడు టెక్సస్‌కు కొత్తగా వచ్చినవాళ్లు నన్ను గోంగూర ఎక్కడ దొరుకుతుందని అడిగేవారు. ఇప్పుడు ఇవీ అడుగుతున్నారు.

ధర మాట ఎత్తకముందే నేను ఎదురు ప్రశ్న వేశాను: "గ్రీన్ కార్డు చేతికొచ్చిందా?" వచ్చిందన్నాడు. లేదని ఉంటే మా సంభాషణ అక్కడే ముగిసేది.

హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 లాంటి వలసేతర వీసాలతో వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు, మరికొందరికి మినహాయింపులున్నాయి గానీ వాటిని నమ్ముకునే ముందు వకీలును కలవండి. కొనడం దాకా ఎందుకు, షూటింగ్ రేంజిలో గంటసేపు అద్దెకు తీసుకుని కాల్చినా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. శనివారం ఆఫీసు మిత్రులు రమ్మంటే సరదాగా వెళ్లే మన పిల్లలకు ఈ సంగతి తెలియదు. ఫ్లోరిడాలో ఒక విదేశీ విద్యార్థి చదువు ఆగిపోయి, హోదా పోయాక రేంజికి వెళ్లి కాల్చి కేసులో ఇరుక్కున్నాడు. ఆ రెహైఫ్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తన హోదా పోయిందని అతనికి తెలుసునని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు చెప్పింది. అంతదూరం పోరాడే ఓపిక, డబ్బు మనలో ఎందరికి ఉంటాయి? 2022 నాటి చట్టంతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లయింది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే రిసీవరు, అంటే మిగతా భాగాలన్నీ అమరే చట్రం. బోల్ట్ క్యారియర్ విడిభాగం మాత్రమే కాబట్టి చాలా చోట్ల ఏ ఫారమూ నింపకుండానే పార్సిల్లో గుమ్మం దాకా వచ్చేస్తుంది. అలా వచ్చింది కదా అని మనకు అనుమతి ఉన్నట్టు కాదు. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, ఇల్లినాయిస్‌లలో ఈ తరహా రైఫిళ్ల మీదే గట్టి ఆంక్షలున్నాయి. అక్కడ ఉండేవాళ్లు మా టెక్సస్ మాటలు విని ఆర్డరు పెట్టకండి.

ఇక అసలు ప్రశ్న. తూటా పేలినప్పుడు పుట్టిన వాయువులో కొంత సన్నటి గొట్టం గుండా వెనక్కి వచ్చి క్యారియర్‌ను తోస్తుంది. క్యారియర్ కదులుతూ బోల్టును తిప్పి తాళం తీస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ అనే చిన్న కొక్కెం ఖాళీ తూటాను బయటికి లాగుతుంది. .223 తూటా పేలినప్పుడు అది కూర్చునే గదిలో పుట్టే ఒత్తిడికి అనుమతించిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 55,000 పౌండ్లు. మీ కారు టైరులో ఉండేది 35. అంత ఒత్తిడిని కాసుకునేది బోల్టు తలకున్న చిన్న పళ్లే. అలసిన బోల్టు సాధారణంగా ఆ పళ్ల దగ్గర గానీ, బోల్టును తిప్పే క్యామ్ పిన్ను రంధ్రం దగ్గర గానీ చీలుతుంది.

అందుకే బోల్టుకు సైన్యం కోరే ఉక్కు కార్పెంటర్ 158. కొందరు 9310 వాడతారు, అదీ మంచిదే. కాకపోతే కొలిమి పని కుదరాలి. ఒకే ఇనుముతో ఒక కమ్మరి చేసిన కొడవలి పదేళ్లు కోస్తుంది, ఇంకొకరిది ఒక్క కోతకే మొండిబారుతుంది. తయారయ్యాక ఎక్కువ ఒత్తిడి ఉన్న తూటాతో ఒకసారి కాల్చి చూస్తారు. తర్వాత అయస్కాంత పొడితో కంటికి కనిపించని పగుళ్లు వెతుకుతారు. ఖరీదైన దానిలో మీరు డబ్బిచ్చేది ఎక్కువగా ఈ పరీక్షలకే. చవక సరుకులో చాలాసార్లు వందల్లో కొన్నిటినే తీసి చూస్తారు. అన్నం ఉడికిందా అని ఒక మెతుకు పట్టి చూడవచ్చు, ఎందుకంటే కుండలో అన్నీ కలిసే ఉడుకుతాయి. పగులు అలా కాదు, ఏ ముక్కలో ఉందో ఆ ముక్కలోనే ఉంటుంది. కొనే ముందు ప్రతి బోల్టునూ పరీక్షించారా అని అడగండి. అయస్కాంత పొడి పరీక్ష అయిందని చెప్పే ఎంపీ అనే అక్షరాలు బోల్టు మీద చెక్కి ఉన్నాయని మురిసిపోకండి, అక్షరాలు చెక్కడానికి ఖర్చేముంది?

నా చేతులు కాలిన కథ కూడా చెప్పాలి. మొదటిసారి నేనూ చవకదే కొన్నాను. రెండో డబ్బా తూటాలు అయ్యేసరికి ప్రతి గుండుకూ చేత్తో లాగాల్సి వచ్చింది. విప్పి చూస్తే క్యారియర్ పైన వాయువును అందుకునే గ్యాస్ కీ అనే చిన్న గొట్టం వదులై వాయువు కారిపోతోంది. దాని రెండు మరలనూ బిగించాక పక్కనున్న లోహాన్ని మరల తల మీదికి గట్టిగా నొక్కి, ఇక కదలకుండా చేయాలి. స్టేకింగ్ అంటారు దీన్ని. నా దానికి గోటితో గిచ్చినట్టు చిన్న గాటు మాత్రమే ఉంది. మా నాన్న బోరు మోటారు రిపేరుకు ఇచ్చినప్పుడల్లా రాగి వైండింగేనా అని పదిసార్లు అడిగేవారు, కాలిపోతే మోటారు ధర కంటే పైకి తీయించే కూలీ ఎక్కువవుతుందని. ఆయన కొడుకునై ఉండి ఫొటో చూసి కొన్నాను.

అలాగని 300 డాలర్ల బంగారు రంగు పూత కొనమని కాదు. పైన పటారం, లోన లొటారం అనే సామెత ఆ పూతలను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. లోపల క్రోమియం పూత, పైన మామూలు నల్లటి ఫాస్ఫేటు ఉంటే చాలు. దాని బదులు కొందరు ఇచ్చే నైట్రైడ్ అనే నల్లటి పైపొర తుడవడానికి సులువు, అంతే. పేరున్న తయారీదారుది 120 నుంచి 180 డాలర్ల మధ్య దొరికితే నేను ఇంకేమీ చూడను. మిగిలిన డబ్బుతో ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగు, గ్యాస్ రింగులు, ఫైరింగ్ పిన్ ఒక్కొక్క జత అదనంగా పెట్టుకోండి. వాయువు కారకుండా ఆపే ఆ రింగులు బాగున్నాయో లేదో చూడాలంటే బోల్టును ముందుకు లాగి, దాని మొహం మీద క్యారియర్‌ను నిలబెట్టండి. తన బరువుకే కిందికి జారిపోతే రింగులు అరిగాయని అర్థం. పాత బ్యారెల్‌లో కొత్త బోల్టు వేస్తే మాత్రం గన్‌స్మిత్‌తో గేజులు పెట్టించి హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టుకూ తూటా ఆనే చోటుకూ మధ్య దూరం, సరిగ్గా ఉందో లేదో చూపించాలి. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

తమ్ముడు 150 డాలర్లది తీసుకున్నాడు. డిసెంబరులో విజయవాడ వెళ్తున్నాడట, రేంజికి తీసుకెళ్లే బ్యాగులోనే బట్టలు సర్దుతానన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం విడిభాగం కూడా ఆయుధమే. అనుమతి లేకుండా అమెరికా దాటించడం ఇక్కడా నేరమే. ఇక బ్యాగు అరలో మరచిపోయిన ఒక్క తూటా దొరికి శంషాబాద్‌లో పోలీస్ స్టేషన్ మెట్లెక్కినవాళ్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. వేరే సూట్‌కేసు కొనుక్కోమన్నాను. దానికి మాత్రం చవకది చాలు.