చెరువు గీయాలంటే గట్టు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు): మా అపార్ట్‌మెంట్‌ల వాళ్లం కొంతమందిమి కలిసి వర్తూరు, బెళ్లందూరు వైపు చెరువులు, వాటిల్లోకి వాన నీళ్లు తెచ్చే పెద్ద కాలువలు, అంటే రాజకాలువలు, మ్యాప్ చేద్దామని అనుకున్నామండీ. మ్యాప్‌లు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ డౌన్‌లోడ్ చేసుకున్నాం, వెనకాల శాటిలైట్ ఇమేజ్ కూడా వచ్చింది. కానీ గీయడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. పైగా మొన్న గీసిందంతా మర్నాడు తెరిస్తే లేదు, ప్రాజెక్ట్ సేవ్ చేసే మూసేశాం. ఎందుకిలా?

జవాబు: ముందు ఆ పోయినదాని సంగతి చెప్తాను. మీరు గీసింది టెంపరరీ స్క్రాచ్ లేయర్‌లో (లేయర్ అంటే మ్యాప్‌లో ఒక పొర) అయ్యుంటుంది, అది కంప్యూటర్ మెమరీలో మాత్రమే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ మూస్తే పోతుంది. ప్రాజెక్ట్ సేవ్ చేశాం కదా అంటారు, కానీ ప్రాజెక్ట్ ఫైల్‌లో ఉండేది ఏ లేయర్ ఎక్కడుంది, ఏ రంగులో చూపించాలి అన్న వివరాలే, మీరు గీసిన గీతలు అందులో ఉండవు. గీతలకి వేరే ఫైల్ కావాలి. లేయర్ మెనూలో క్రియేట్ లేయర్‌కి వెళ్లి న్యూ జియోప్యాకేజ్ లేయర్ అని తీసుకోండి, అప్పుడు గీసింది డిస్క్ మీదకి వెళ్తుంది.

ఆ లేయర్ తయారుచేసేటప్పుడే అది పాయింటా (ఒక్క చుక్క), లైనా (గీత), పాలిగానా (చుట్టూ మూసుకున్న ఆకారం) అని అడుగుతుంది. చాలామంది ఇక్కడ ఏదో ఒకటి నొక్కేసి ముందుకెళ్లిపోతారు, నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. చెరువు పాలిగాన్, రాజకాలువ లైన్, తూము పాయింట్, ఇంతవరకూ తేలికే. మరి చెరువు అంచు ఏది? ఎండాకాలం ఇమేజ్‌లో నీళ్లు లోపలికి జరిగిపోయి ఉంటాయి, వానల తర్వాతి ఇమేజ్‌లో కట్ట దాకా ఉంటాయి. బెళ్లందూరులో అయితే గుర్రపు డెక్క పరుచుకున్నప్పుడు తీసిన ఇమేజ్ చూస్తే అక్కడ చెరువు కాదు, పచ్చటి మైదానం ఉందనుకుంటారు. ఒకాయన నీళ్ల అంచు పట్టుకుని, ఇంకొకావిడ కట్ట పట్టుకుని, మూడో ఆయన వాకింగ్ ట్రాక్ కంచె పట్టుకుని గీస్తే ముగ్గురివీ మూడు చెరువులవుతాయి, తర్వాత ఎంత ఎడిట్ చేసినా కలవవు. కాబట్టి ఒకరోజు కూర్చుని, మనం కట్ట లోపలి అంచు గీస్తున్నాం అనో, నీరు నిండినప్పటి అంచు గీస్తున్నాం అనో ఒక్కటి తేల్చుకోండి, ఏ తేదీ ఇమేజ్ చూసి గీశారో రాయడానికి ఒక కాలమ్ పెట్టుకోండి. ఫీచర్ అంటే, అంటే మీరు గీసిన ఒక్కో చెరువూ కాలువా, గీత ఒక్కటే కాదు కదా, దాని వెనకాల టేబుల్‌లో ఒక వరస కూడా ఉంటుంది, ఆ వరస ఖాళీగా ఉంటే అది ఉత్త బొమ్మే.

ఇక గీయడం. లేయర్ సెలెక్ట్ చేసి పెన్సిల్ గుర్తు నొక్కితే ఎడిటింగ్ ఆన్ అవుతుంది, పక్కనే యాడ్ పాలిగాన్ ఫీచర్ ఉంటుంది, ఎడమ క్లిక్‌తో అంచు వెంట చుక్కలు పెట్టుకుంటూ వెళ్లండి, తప్పు పడితే బ్యాక్‌స్పేస్ నొక్కితే చివరి చుక్క పోతుంది, అయిపోయాక కుడి క్లిక్ చేస్తే వివరాల ఫారమ్ వస్తుంది. వంపు దగ్గర చుక్కలు దగ్గర దగ్గరగా, తిన్నగా ఉన్నచోట దూరదూరంగా పెడితే చాలు. అందరూ దాదాపు ఒకే జూమ్‌లో గీయండి, 1:2000 అనుకుంటే అందరూ అదే, లేకపోతే ఒకరి చెరువు నున్నగా ఇంకొకరిది గరుగ్గా వస్తుంది. మధ్యమధ్యలో సేవ్ లేయర్ ఎడిట్స్ నొక్కుతూ ఉండండి. అయితే సేవ్ చేశాక కంట్రోల్ జెడ్‌తో వెనక్కి వెళ్లలేరు, అందుకే పెద్ద మార్పులు చేసే ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోవడం మంచిది.

స్నాపింగ్ మాత్రం మొదటి రోజు నుంచే ఆన్ చేసి పెట్టుకోండి, అయస్కాంతం గుర్తు ఉంటుంది చూడండి అదే. రాజకాలువ లైన్ చెరువు అంచుకి తగిలినట్టు కంటికి కనిపిస్తుంది, బాగా జూమ్ చేస్తే రెండు మీటర్లు ఎడం ఉంటుంది, అప్పుడు సాఫ్ట్‌వేర్ లెక్కలో ఆ కాలువ చెరువులోకి రానట్టే. స్నాపింగ్ ఉంటే చుక్క వెళ్లి పాత చుక్కకే అతుక్కుంటుంది. రెండు పాలిగాన్‌లకి ఉమ్మడి గట్టు ఉంటే టోపోలాజికల్ ఎడిటింగ్ కూడా ఆన్ చేయండి, చుక్కలు జరిపే వెర్టెక్స్ టూల్‌తో ఆ గట్టు మీది చుక్క ఒకటి జరిపితే రెండు వైపులా కలిసి జరుగుతాయి, మధ్యలో సందులు పడవు. చెరువులో లంక ఉంటే దాని మీద ఇంకో పాలిగాన్ గీయకండి, యాడ్ రింగ్‌తో కన్నం పెట్టండి, లేదంటే లంక విస్తీర్ణం కూడా నీళ్లలో కలిసిపోతుంది.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. రాజకాలువని నీళ్లు పారే వైపుగా గీయండి, ఎగువన మొదటి చుక్క, దిగువన చివరి చుక్క. లైన్‌కి దిశ ఉంటుంది, మీరు గీసిన వరసే ఆ దిశ. బెంగళూరు చెరువులు గొలుసుకట్టు చెరువులు, పైచెరువు నిండి పొంగితే కిందిదానికి, బెళ్లందూరు నీళ్లు వర్తూరుకి, అక్కడి నుంచి దక్షిణ పినాకినిలోకి పోతాయి. అన్ని కాలువలూ పారే దిశలో గీసి ఉంటే రేపు ఎక్కడ పూడిపోతే ఏ వీధి మునుగుతుందో మీ మ్యాప్ నుంచే వెతకొచ్చు. మీరు ఈ పని మొదలుపెట్టింది కూడా అందుకే అనుకుంటున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. ఒకవేళ దీన్ని అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి ఇద్దామనుకుంటే గూగుల్ మ్యాప్స్ చూసి గీయడం, అందులోంచి పేర్లు ఎత్తి రాయడం కుదరదు, వాళ్ల లైసెన్స్ ఒప్పుకోదు. పేర్లు చెరువు దగ్గర బోర్డు చూసి రాసుకోండి.

ప్రశ్న (మారతహళ్లి నుంచి ఒక విద్యార్థి): షేప్‌ఫైల్‌లో కాలమ్ పేర్లు తెలుగులో పెడితే తెగిపోతున్నాయి, లోపలి పేర్లు కూడా వేరే కంప్యూటర్‌లో పిచ్చి అక్షరాలుగా వస్తున్నాయి సార్. దారేంటి?

జవాబు: మ్యాప్ గీతలు దాచే షేప్‌ఫైల్ అనే ఫైల్ పద్ధతి 1990ల నాటిది బాబూ, కాలమ్ పేరుకి అందులో 10 అక్షరాల చోటే ఉంటుంది, అదీ ఇంగ్లిష్ అక్షరాల లెక్కన. కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకి ఒక్కో గుర్తు 3 బైట్లు తింటుంది, ‘చెరువు’ అన్న మాటకి ఒత్తులు లేకపోయినా గుణింతాలతో కలిపి 18 బైట్లు కావాలి, ఇంక తెగక ఏమవుతుంది. జియోప్యాకేజ్‌కి మారిపో, ఒకే ఫైల్‌లో అన్నీ ఉంటాయి, తెలుగు కన్నడ రెండూ చెడవు. కాలమ్ పేర్లు మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచి, ఫీల్డ్ సెట్టింగ్స్‌లో ఏలియాస్ (మారుపేరు) దగ్గర తెలుగు పేరు రాయి, ఫారమ్‌లో అదే కనిపిస్తుంది. కన్నడ పేరుకీ తెలుగు పేరుకీ వేరే వేరే కాలమ్‌లు పెట్టు, ఒకే గడిలో రెండూ ఇరికించకు.

ప్రశ్న (కె.ఆర్.పురం నుంచి ఒక పాఠకుడు): పలమనేరు దగ్గర మాకు మామిడి తోట ఉంది, అన్నదమ్ములిద్దరం పంచుకోవాలి. పాస్‌బుక్‌లో 4 ఎకరాలు ఉంటే క్యూజీఐఎస్‌లో గీసి చూస్తే 4 ఎకరాల 22 సెంట్లు వస్తోంది. ఎక్కడో మా భూమి ఎక్కువ ఉందని సంతోషపడాలా?

జవాబు: ఇప్పుడే సంతోషపడకండి అన్నా. వెనకాల ఆన్‌లైన్ మ్యాప్ ముందుగా వేసుకుంటే ప్రాజెక్ట్ వెబ్ మెర్కేటర్ అనే, గుండ్రటి భూమిని చదును చేసి చూపే పద్ధతిలోకి వెళ్తుంది (జాబితాలో దాని నంబరు ఈపీఎస్‌జీ 3857), మీ లేయర్ కూడా అందులోనే చేసుంటారు. ఆ పద్ధతిలో భూమధ్యరేఖ నుంచి దూరం వెళ్లేకొద్దీ విస్తీర్ణం ఉబ్బుతుంది, పలమనేరు దగ్గర సుమారు 6 శాతం, మీ 22 సెంట్లు దాదాపు అంతే. లేయర్‌ని యూటీఎం అనే, భూమిని జోన్లుగా విడగొట్టి కొలిచే పద్ధతిలో 44 నార్త్ జోన్‌లోకి, ఈపీఎస్‌జీ 32644లోకి, ఎక్స్‌పోర్ట్ చేసి మళ్లీ కొలవండి, వచ్చిన చదరపు మీటర్లని 4046.86తో భాగిస్తే ఎకరాలు. బెంగళూరుకి 43 జోన్ పెట్టుకోవాలి కదా అని ఇక్కడా అదే పెట్టకండి, 78 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది, బెంగళూరు దానికి పడమర, కోలారూ పలమనేరూ తూర్పు.

పంచేటప్పుడు రెండు ముక్కలు విడివిడిగా గీయొద్దు. తోట మొత్తం ఒక పాలిగాన్‌గా గీసి, స్ప్లిట్ ఫీచర్స్ టూల్‌తో ఈ గట్టు బయట నుంచి ఆ గట్టు బయటికి ఒక గీత లాగండి, ఇద్దరికీ మధ్య హద్దు ఒక్కటే ఉంటుంది. గీత అటూ ఇటూ జరిపి చూస్తూ ఎవరికెంత వస్తుందో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. శాటిలైట్ ఇమేజ్ అసలు చోటు నుంచి కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉండొచ్చు, ఫోన్ జీపీఎస్ కూడా అంతే, అందుకే రాళ్లు పాతే ముందు సర్వేయరుని పిలిచి కొలిపించండి, బోరు ఎవరి వైపు పడుతుందో కూడా ఆ రోజే రాయించుకోండి.