ఆ నీళ్లు ఎటు పోయాయి, తమ్ముడూ?

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివాను. ఆయా మంచు పెళ్లను చెంగులో మూటగట్టుకుని పిల్లాడి దగ్గరికి పరిగెత్తే చోటు బాగుంది. కానీ అంతకుముందు ఆ కొండవాలు ఐస్‌హౌస్‌లోకి, అదే, చలికాలపు మంచుని ఎండాకాలం దాకా దాచే గొయ్యిలోకి, ఆవిడ వెళ్లిన తీరు చదివి ఒళ్లు మండింది, అందుకే వెంటనే రాస్తున్నా.

ఇంగ్లండ్‌లో దొరగారి ఎస్టేట్, జూన్ నెల, బయట ఎండ. నీ ఆయా రెండు తలుపులూ బార్లా తెరిచి, మధ్యలో నిలబడి రెండు పేజీల సేపు సొంతూరు తలుచుకుంటుంది. అక్కడి పనివాళ్లు ఊరుకుంటారా? బయటి తలుపు మూశాకే లోపలిది తీయాలి, మధ్యలో ఆ సన్నటి దారి ఉన్నదే అందుకు, కొన్నిచోట్ల దాన్ని గడ్డితో కూరేసేవాళ్లు కూడా. కొండలోకి ఎందుకు తవ్వారో ఆలోచించావా? అంత మట్టి కిందికి ఎండ వేడి తొందరగా దిగదు, వాలు ఉంటే కరిగిన నీళ్లు వాటంతటవే బయటికి పోతాయి.

నీళ్ల సంగతి నీ కథలో ఒక్క ముక్క లేదు. గుడ్డు ఆకారంలో ఇటుకల గొయ్యి, కిందికి పోనుపోను సన్నబడుతుంది, అడుగున కాలువ. నీళ్లు నిలిచిపోతే పైనున్న మంచు ఇంకా త్వరగా కరుగుతుంది. అలాగని కాలువ ఊరికే తెరిచి ఉంచితే వెచ్చటి గాలి లోపలికొస్తుంది, అందుకని బాగా కట్టిన వాటిలో మన వాష్‌బేసిన్ కింద పైపుకి ఉన్నట్టు వంపు పెట్టి, అందులో కాస్త నీళ్లు నిలిచేలా చేసేవాళ్లు. చలికాలంలో చెరువు గడ్డకడితే కూలీలు మంచు పగలగొట్టి, బండ్ల మీద తెచ్చి, గోతిలో పోసి, ఒకే ముద్ద అయ్యేదాకా దంచేవాళ్లు. వాళ్లలో ఒక్కడైనా నీ కథలో లేడు. ‘అనాది నిశ్శబ్దం’ మాత్రం ఐదుసార్లు ఉంది.

ఈ నిశ్శబ్దం పిచ్చి నీ ఒక్కడిది కాదు. ‘చీకటి. చలి. మౌనం.’ అని మొదలయ్యే కథలు చదివి చదివి విసిగిపోయాను. వాటిని అచ్చువేసి మెచ్చుకునే ఎడిటర్లే మీ తరాన్ని పాడుచేశారు. నేను పాతబస్తీలో ఒక ఐస్ ఫ్యాక్టరీ గురించి కథ రాసినప్పుడు, ఓనరు గేటు బయటికి గెంటితే వాచ్‌మన్‌ని బతిమాలి రాత్రిళ్లు లోపలికి వెళ్లి చూశాను. ఉప్పునీళ్ల తొట్టెలో రేకు డబ్బాలు దించి దిమ్మె కట్టించడం, తీసేముందు డబ్బాని మామూలు నీళ్లలో ముంచి అంచులు వదులు చేయడం, అన్నీ రాశాను. ఎడిటరు ఆ పేరాలన్నీ కొట్టేశాడు. “పాఠకుడికి ఈ సమాచారం దేనికండీ?” అన్నాడు. అచ్చయ్యాక చూస్తే నా కథలోని కూలీకి పనే లేదు, వట్టి దగ్గు మిగిలింది. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు నాకు.

ఇంకోటి. కథ జరిగేది 1820లో, ఆయా మద్రాసు ఐస్‌హౌస్‌ని గుర్తు చేసుకుంటుంది. అప్పటికి అది కట్టనే లేదు! అమెరికాలోని బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బయల్దేరి కలకత్తా చేరిందే 1833లో, దారిలో కరిగింది పోగా సుమారు 100 టన్నులు మిగిలింది. అలా ఓడల్లో వచ్చే మంచుని దాచడానికి మద్రాసు మెరీనా ఒడ్డున కట్టిన, ఇప్పుడు వివేకానంద ఇల్లు అంటున్న ఆ భవనం 1842 నాటిది. అంటే నీ ఆయాకి తెలిసిన మంచుగడ్డ వడగళ్లు ఒక్కటే. పెరట్లో ఏరుకుని నోట్లో వేసుకునేలోపే కరిగిపోయేవి! అలాంటి మనిషి జూన్ నెలలో గోతి నిండా మంచు చూసింది. నీ కథ అక్కడుంది, లేని భవనాన్ని తెచ్చి దాన్ని నువ్వే చెడగొట్టుకున్నావు.

ఏ పత్రికకి పంపాలి, పోటీకి పెట్టాలా అని అడిగావు. అవి ఇప్పుడొద్దు. ముందు ఆ రెండు పేజీల తలపోత తీసేయ్. ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లే ఒక పనివాణ్ణి పెట్టు, “తలుపు మూయవమ్మా” అని వాడిచేత కసిరించు. మళ్లీ రాసి పంపు, చదువుతాను.