ఫోన్ సంగతి తర్వాత, ముందు రక్తపరీక్ష చేయించండి

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ఫోన్‌లో వీడియో పెడితే తప్ప నోరు తెరవడు. లేదంటే రెండు ముద్దలు తిని లేచిపోతాడు. పాలు మాత్రం సీసాతో రోజుకు నాలుగైదుసార్లు తాగుతాడు. ఈమధ్య గోడ సున్నం గీకి తింటున్నాడు. ‘వాళ్ల నాన్నా చిన్నప్పుడు ఇంతే, మా వంశమే అంత’ అంటారు మా అత్తయ్య. మెడికల్ షాపులో ఇచ్చిన ఆకలి సిరప్ రెండు నెలలు వాడాం. అప్పుడు బాగానే తిన్నాడు, ఆపగానే మళ్లీ మామూలే. అదే కొనసాగించవచ్చా? ఫోన్ ఎలా మాన్పించాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ దిగులంతా ఫోన్ గురించి. నాకు దిగులు కలిగించింది సున్నం. పిల్లాడు గోడ గీకి తింటూ, రోజుకు లీటరు దాకా పాలు తాగుతున్నాడంటే ముందుగా రక్తహీనతనే అనుమానించాలి. పాలల్లో కాల్షియం దండిగా ఉంటుంది, ఐరన్ మాత్రం దాదాపు ఉండదు. ఐరన్ తగ్గితే రక్తం తగ్గుతుంది, సున్నం లాంటివి తినాలనిపిస్తుంది, ఆకలీ మందగిస్తుంది. అన్నం తినలేదని మీరు ఇంకో సీసా పాలు పడతారు, ఆ పాలతో పొట్ట నిండి తర్వాతి పూటా అన్నం వద్దంటాడు. ఇది మీ ఒక్క ఇంటి సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది.

ఈ వారంలోనే పిల్లల డాక్టర్‌కు చూపించండి. బరువు, ఎత్తు చూసి, రక్తపరీక్ష రాస్తారు. ఈ వయసులో హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకూడదు. అవసరమైతే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయిస్తారు. గోడకు పాత పెయింట్ ఉంటే ఆ మాట కూడా చెప్పండి, అందులో ఒంటికి విషమైన సీసం (లెడ్) ఉండొచ్చు. ఇది చదివి ఐరన్ టానిక్ మాత్రం మీరే కొని మొదలుపెట్టకండి. దాని మోతాదు బరువును బట్టి ఉంటుంది, ఎక్కువైతే చిన్నపిల్లలకు ప్రాణం మీదికొస్తుంది. పైగా రక్తం తక్కువైన ప్రతి బిడ్డకూ ఐరన్ లోపమే కారణం కాదు. మీ ఇంట్లో గానీ, మీ వారి తరఫున గానీ తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్నవాళ్లుంటే తప్పక చెప్పాలి. ‘వంశం’ అనే మాట నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఇక్కడే.

ఇక సిరప్. పేరు రాయలేదు గనుక కచ్చితంగా చెప్పలేను గానీ, ఆకలి మందంటూ షాపుల్లో ఇచ్చేవాటిలో చాలావరకు సైప్రోహెప్టడిన్ ఉంటుంది. అది అలర్జీ మందు. ఆకలి పుట్టించడం దానికున్న ఒక ప్రభావం, అందుకే ఆపగానే ఆకలీ పోయింది. మత్తు, మలబద్ధకం, కొందరు పిల్లల్లో చిరాకు రావచ్చు. మోతాదు మించితే ఫిట్స్ దాకా వెళ్లొచ్చు. కొన్ని సందర్భాల్లో మేమూ రాస్తాం, కానీ బిడ్డను చూసి, బరువు లెక్కకట్టి, ఇన్ని రోజులని చెప్పి రాస్తాం. చీటీ లేకుండా రెండు నెలలు వాడడం తప్పు. ఈ మాట నా ఓపీలో రోజూ ఎవరో ఒక తల్లితో అంటూనే ఉంటాను. మందు చేసే చెడు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆలస్యం. బిడ్డ తింటున్నాడు కదా అని రెండు నెలలు నిశ్చింతగా ఉన్నారు, అసలు కారణం లోపల అలాగే ఉంది. మళ్లీ మొదలుపెట్టకండి.

మీ అత్తయ్య మాటలో కొంత నిజముంది. తిండి దగ్గర పేచీ పెట్టే స్వభావం కొంతవరకు పుట్టుకతోనే వస్తుందని కవల పిల్లలపై బ్రిటన్‌లో జరిగిన అధ్యయనాల్లో తేలింది. అయితే వాళ్ల నాన్న చిన్నప్పుడు చేతిలో ఫోన్ లేదు, నలుగురి మధ్య కూర్చుని తిని ఉంటారు. మీ బాబు ఎలా తింటున్నాడో గమనించండి. చాలా ఇళ్లలో పిల్లలకు ఏడింటికి ఫోన్ ఇచ్చి పెట్టేసి, పెద్దలు తొమ్మిదిన్నరకు టీవీ ముందు తింటారు. ఇక ఆ బిడ్డ ఎదుటివాళ్లు వంకాయ కూర తినడం ఎప్పుడు చూస్తాడు? స్క్రీన్ చూస్తున్న పిల్లాడికి ముద్ద రుచీ తెలియదు, కడుపు నిండిందీ తెలియదు. నమలకుండా మింగితే గొంతుకు అడ్డం పడే ప్రమాదమూ ఉంది.

ఫోన్ ఒక్కసారిగా మాన్పించనక్కర్లేదు. ఇంట్లో ఎవరో ఒకరు తీరిగ్గా ఉండే ఒక పూటతో మొదలుపెట్టండి. అందరి ఫోన్లూ పక్క గదిలో పెట్టి, బాబుతో పాటే కూర్చుని తినండి. కొన్నాళ్లు ఏడుస్తాడు. అరగంట చూసి, తినకపోయినా కంచం తీసేయండి. తర్వాతి పూట దాకా పాలు, బిస్కెట్లు వద్దు. బరువు బాగా తక్కువని డాక్టర్ అంటే మాత్రం ఈ పద్ధతి వాళ్లను అడిగాకే పాటించండి. సీసా మాన్పించి గ్లాసుతో రోజుకు రెండుసార్లు, మొత్తం 400 మిల్లీలీటర్లు మించకుండా పాలివ్వండి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. గుడ్డు, మాంసం తినే ఇల్లయితే అవీ పెట్టండి. కొత్త కూర ఒకసారి ఉమ్మేస్తే వదిలేయకండి, పది పదిహేనుసార్లు పెడితే గానీ అలవాటు పడని పిల్లలున్నారు. రెండేళ్లు నిండి అయిదేళ్లలోపు ఉన్న పిల్లలకు రోజంతా కలిపి స్క్రీన్ గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

బాబు మాటలు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. చిన్న చిన్న వాక్యాలు మాట్లాడుతున్నాడా, పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? లేకపోతే, లేదా తినేవి నాలుగైదు రకాలకు మించకపోతే ఆ సంగతి డాక్టర్‌కు విడిగా చెప్పండి. వెళ్లేటప్పుడు ఆ సిరప్ సీసా, అంగన్‌వాడీలో బరువు రాసిన కార్డు పట్టుకెళ్లండి.