మనవరాలికి వేరే కంచం పెట్టకు

చి. సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. దసరాకు మీ ఇంట్లో ఉన్న వారం రోజులూ ఒక మాట చెప్పాలని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. అందరి ముందూ అంటే పాప చెవిన పడుతుందని ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా మనసు కుదుటపడలేదు. అందుకే ఈ ఉత్తరం.

నాలుగో రోజు రాత్రి పదకొండు దాటాక మంచినీళ్ల కోసం లేచాను. వంటింట్లో దీపం లేదు. చీకట్లో పాప నేల మీద కూర్చుని ఉంది, ఒళ్లో జంతికల డబ్బా. కొరికితే చప్పుడవుతుందని ఒక్కో జంతికనూ నోట్లో నానబెట్టుకుని తింటోంది. నన్ను చూసి డబ్బాను వెనక్కి దాచుకుని, "అమ్మకు చెప్పకు అమ్మమ్మా" అంది. పదకొండేళ్ల పిల్ల, తన ఇంట్లో తానే దొంగలా! ఆ రాత్రి భోజనంలో మనమంతా పూరీలు, బంగాళాదుంప కూర తిన్నాం. దానికి మాత్రం లావు తగ్గాలని రెండు పుల్కాలు, కీరదోస ముక్కలు పెట్టావు. నువ్వు ప్రేమతోనే పెట్టావని నాకు తెలుసు. కానీ పిల్లకు అర్థమైంది వేరు: ఈ ఇంట్లో నేనొక్కదాన్నే తప్పు చేశాను, అందుకే నాకీ శిక్ష.

ముప్పై రెండేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో ఆటలు నేర్పినదాన్ని. సన్న పిల్లల్నీ చూశాను, లావు పిల్లల్నీ చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, పాపకు వేరే కంచం పెట్టకు. మార్చదలచుకుంటే ఇంటి వంట మొత్తం మార్చు. సన్నగా ఉన్న చిన్నవాడికీ, పొట్ట వచ్చిన మీ ఆయనకూ అదే వంట. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది కూడా ఇలాంటిదే: కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. మనం చేసేది దానికి తలకిందులు. కొండంత అన్నం, పక్కన చెంచాడు వేపుడు. బీరకాయ పప్పు, తోటకూర పులుసు, పొట్లకాయ పెరుగు పచ్చడి ఎక్కువగా చేసి ముందు వాటినే వడ్డించు. అన్నం తరవాత. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించకు, ఎదిగే పిల్లకు అవి కావాలి. పూరీలు చేసిన రోజు పాప కూడా పూరీలే తింటుంది. నెలకు నాలుగుసార్లు చేసేది ఒకసారి చేయి, అంతే. పూట మాన్పించడం, ఉపవాసాలు పెట్టడం, టీవీలో చూపించే పొడులు తాగించడం వంటివి దగ్గరికి రానీయకు.

ఇంకో సంగతి. స్నానం చేయించేటప్పుడు దాని మెడ వెనక మట్టి పట్టిందని సున్నిపిండితో రుద్దుతున్నావు. పిల్ల మంటకు మెలికలు తిరిగిపోతోంది. అది మట్టి కాదమ్మా. లావు పిల్లల్లో మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, మందమై, మఖమల్ గుడ్డలా అవుతుంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదనడానికి అది ఒక గుర్తు. ఎంత రుద్దినా పోదు. రుద్దడం ఆపి పిల్లల డాక్టరుకు చూపించు. ఈ లావుకు థైరాయిడే కారణమని పక్కింటావిడ అంది కదా. ఆ డాక్టరే చూసి తేలుస్తారు. మామూలుగా లావైన పిల్లలు ఎత్తు కూడా బాగానే పెరుగుతారు. ఎత్తు ఆగిపోయి బరువు మాత్రమే పెరుగుతుంటేనే హార్మోన్ల అనుమానం ఎక్కువ. రాత్రి గురక పెడుతోందా, మోకాళ్లు, తుంటి నొప్పి అంటోందా, దాహం ఎక్కువగా వేస్తోందా, ఇవన్నీ మరచిపోకుండా చెప్పు.

ఫోనులో పెద్దవాళ్ల బరువు లెక్కలు చూసి పిల్లకు అంటగట్టకు. పిల్లలకు వయసును బట్టి, ఆడా మగా బట్టి లెక్క మారుతుంది. భారత పిల్లల వైద్యుల సంఘం 2015లో సవరించిన ఎదుగుదల పట్టికలు డాక్టర్ల దగ్గర ఉంటాయి. ఇంకో ధైర్యం చెబుతాను విను. దాని ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు అనుకో. కిలోలను మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే 23 వస్తుంది. ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే అంకె, బీఎంఐ అంటారే, అదే ఇది. అదే బరువు నిలిచి ఎత్తు 148కి చేరితే ఆ అంకె 20.5కి దిగుతుంది. ఒక్క కిలో తగ్గకుండానే! చాలామంది పిల్లల విషయంలో బరువు నిలబెడితే చాలు, మిగతా పని ఎత్తు చూసుకుంటుంది. మన పాపకు ఏది సరి అన్నది డాక్టరు చెబుతారు. అంతవరకూ ఇంట్లో రోజూ తూకం యంత్రం ఎక్కించకు.

తిండి కంటే తాగేవాటి దగ్గరే నాకు ఎక్కువ భయం. మీ ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకు సీసాలు వరసగా ఉన్నాయి. సీసా మీద చిన్న అక్షరాలు చదువు. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల చక్కెర అని ఉంటే, 600 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాములు, అంటే పన్నెండు చెంచాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మంచి హద్దు ప్రకారం ఈ వయసు పిల్లకు రోజు మొత్తానికి సుమారు 25 గ్రాములు. పళ్ల రసం డబ్బాలూ, పాలలో కలిపే పొడులూ కూడా అలాగే చూసి కొను. కొనడం మానేస్తే చాలు, ఇంట్లో లేనిదాని కోసం పిల్ల అర్ధరాత్రి లేవదు. మజ్జిగ, కొబ్బరినీళ్లు, కుండలో నీళ్లు ఉంచు. జంతికల డబ్బా పైఅరలో దాచకు. దాచితేనే దాని మీదకు మనసు పోతుంది. చేసినప్పుడు అందరూ కలిసి తినండి, అయిపోతే అయిపోయింది.

మీ అత్తగారు గోరుముద్దల్లో నెయ్యి పోస్తున్నారని గొడవ పడకు. ఆవిడ కాలంలో బొద్దుగా ఉన్న పిల్లే ఆరోగ్యవంతురాలు, చిక్కిపోతే దిష్టి తగిలిందనేవారు. ఆ ప్రేమకు ఇంకో దారి చూపించు. రోజూ సాయంత్రం మనవరాలిని వెంటబెట్టుకుని గుడి దాకా నడిచి వెళ్లమను, వచ్చేటప్పుడు కూరగాయలు ఏరి తెమ్మను. ఆవిడ మోకాళ్లకూ మంచిదే.

ఇక బడి. ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎనిమిదో తరగతి పిల్లల్ని మైదానంలో వరసగా నిలబెట్టి బరువు తూచాను. నేను అంకె గట్టిగా చదవడం, లీడరు రాసుకోవడం. ఒక అమ్మాయి వంతు వచ్చింది, చదివాను, వరసంతా నవ్వింది. మర్నాటి నుంచి ఆ అంకే ఆ అమ్మాయి పేరైంది. ఆటల పీరియడు వస్తే కడుపునొప్పి చీటీ తెచ్చేది. మూడు నెలలు నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక, గది తలుపు వేసి ఒక్కొక్కరినీ పిలిచి తూచడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయిని పరుగు పందెం నుంచి తప్పించి షాట్‌పుట్ చేతికిచ్చాను. పరుగులో ఎప్పుడూ చివర నిలిచిన పిల్ల, గుండు విసిరితే వరసంతా నోరు తెరిచి చూసింది. ఆ మరుసటి వారం నుంచి చీటీలు ఆగిపోయాయి.

అందుకే నువ్వు వెళ్లి ముందు కలవాల్సింది ప్రిన్సిపాల్‌ను కాదు, ఆటల టీచరును. పాప ఏ ఆటలో నిలబడగలదో కనుక్కో. విసరడం, కబడ్డీలో పట్టు, ఈత, ఇలాంటివాటిలో బరువు అడ్డం కాదు. లావుగా ఉందని మైదానం చుట్టూ రౌండ్లు కొట్టించవద్దని మర్యాదగానే చెప్పు. ఆట శిక్షగా మారితే జన్మలో మళ్లీ ఆడదు. ఈ వయసు పిల్లలకు రోజుకు 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలి. మీ పాప టైంటేబుల్ చూశాను, వారానికి రెండు ఆటల పీరియడ్లు. అందులో ఒకటి లెక్కల మాస్టారు తీసేసుకుంటున్నారట. మరో ముగ్గురు నలుగురు తల్లులను కలుపుకుని వెళ్లి అడుగు. ఒక్కరు అడిగితే ఫిర్యాదు, అయిదుగురు అడిగితే కోరిక.

క్యాంటీన్ గురించి కూడా అడిగే హక్కు నీకుంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకులను బడి ఆవరణలో, గేటు నుంచి 50 మీటర్ల లోపల పిల్లలకు అమ్మకూడదని 2020లో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. మీది సీబీఎస్ఈ బడి కాబట్టి, ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో చూపించే షుగర్ బోర్డు పెట్టాలని 2025లో వచ్చిన సూచన వాళ్లకూ వర్తిస్తుంది. పుట్టినరోజుకు తరగతికంతా చాక్లెట్లు పంచే అలవాటుంది కదా. దాని బదులు పెన్సిళ్లు ఇద్దామని మీ తల్లుల గుంపులో నువ్వే మొదలుపెట్టు. క్లాసు టీచరుతో మాత్రం విడిగా మాట్లాడు. ఎవరు ఏమని ఏడిపిస్తున్నారో పాప నీకు చెప్పదు. నాకు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను, పిల్ల నన్ను నమ్మి చెప్పింది. నువ్వు టీచరును అడిగితే తెలుస్తుంది.

నిద్ర సంగతి చూడు. పదకొండు దాటాక కూడా మెలకువగా ఉన్న పిల్లకు ఆకలి వేయక ఏం చేస్తుంది? కనీసం తొమ్మిది గంటలు పడుకోవాలి. ఫోను హాల్లోనే ఉంచండి, నువ్వూ మీ ఆయనా కూడా.

చుట్టాలు వచ్చి "ఇంత లావైతే రేపు పెళ్లెలా" అంటే నువ్వు నవ్వి ఊరుకోకు. ఆ నవ్వు పిల్ల చూస్తుంది. "మా పాప బాగానే ఉంది, వేరే మాట చెప్పండి" అని అక్కడే అను. గట్టిగా అను.

సంక్రాంతికి మీరంతా వస్తున్నారు కదా. అరిసెలు చేస్తాను. దానికీ అందరితోపాటే పెడతాను, ముందే చెబుతున్నాను, అప్పుడు నాకు కళ్లతో సైగ చేయకు. పొద్దున్నే ఇద్దరు పిల్లల్నీ చెరువు గట్టు మీదకు తీసుకెళ్తాను. దాని కాలి కొలత కాగితం మీద గీసి పంపు, బూట్లు ఇక్కడే కొని ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ