ఎర్రబంతి తిరిగొచ్చే దారి

చిరంజీవికి ఆశీస్సులు.

బిలియర్డ్స్‌లో వందల పాయింట్ల బ్రేక్, అంటే వంతు పోకుండా ఏకధాటిగా చేసే స్కోరు, ఎలా వస్తుందని అడిగావు. 1992 ప్రపంచ ప్రొఫెషనల్ పోటీలో గీత్ సేథీ ఏకబిగిన 1276 కొట్టాడు. అంతసేపు కష్టమైన షాట్లు కొట్టుకుంటూ పోవడం ఎవరి తరమూ కాదు. ప్రతి షాట్ తర్వాతా మళ్లీ తేలిక షాటే మిగలాలి. అందుకు నువ్వు ముందు పట్టాల్సింది మిడిల్ పాకెట్ ఇన్-ఆఫ్, అంటే నీ బంతి ఎర్రబంతికి తగిలి, టేబుల్ పొడవు పక్క నడుమ ఉన్న పాకెట్‌లో పడటం.

ఎర్రబంతిని టేబుల్ పొడవునా ఊహించుకునే నడిగీత మీద, మధ్య స్పాట్ (టేబుల్ నడిమి గుర్తు) నుంచి బాక్ (నువ్వు నిలబడే కొసన, అడ్డగీతకు ఇవతలి భాగం) వైపు సుమారు 20 అంగుళాల దూరంలో పెట్టు. నీ బంతిని బాక్ గీత మీద, డి కుడి కొసకు దగ్గరగా ఉంచు. డి అంటే ఆ గీతను ఆనుకున్న అర్ధవృత్తం, పాకెట్‌లో పడిన నీ బంతిని మళ్లీ అక్కడే పెట్టి కొట్టాలి. నీ బంతి కేంద్రాన్ని ఎర్రబంతి ఎడమ అంచుకు గురిపెట్టు. అదే హాఫ్ బాల్. నీ బంతి ఎడమ మిడిల్ పాకెట్‌లో పడాలి. ఎర్రబంతి దాదాపు తిన్నగా వెళ్లి, టాప్ కుషన్‌కు (ఎదుటి కొస అంచుకు) తగిలి, బయలుదేరిన చోటికే రావాలి. పాకెట్ కుదరకపోతే డిలో బంతిని అర అంగుళం చొప్పున జరుపు, గురి మాత్రం మార్చకు.

హాఫ్ బాల్ దగ్గర గురి కాస్త తప్పినా నీ బంతి దారి పెద్దగా మారదు, అందుకే అది అంత నమ్మకమైన షాట్. ఎర్రబంతి దారి మాత్రం మారిపోతుంది. అది ఎడమకు వాలితే నిండుగా తగిలినట్టు, కుడికి వాలితే పలచగా తగిలినట్టు. పాకెట్ పడగానే చాలామంది ఎర్రబంతిని చూడటం మానేస్తారు. దయచేసి నువ్వు ఆ పని చేయకు.

మెల్లగా కొడితే ఎర్రబంతి పైనే ఆగిపోతుంది. గట్టిగా కొడితే బాక్‌లోకి దిగుతుంది, అప్పుడు డి నుంచి దాన్ని నేరుగా కొట్టడానికి రూలు ఒప్పుకోదు. బంతిని నడిమికి కింద కొట్టకు, జారుతూ వెళ్లి కోణం వెడల్పవుతుంది. సైడ్ (బంతిని పక్కగా కొట్టి గిరగిరా తిప్పడం) జోలికి ఇప్పుడే పోవద్దు.

ఒక్కో ఇన్-ఆఫ్‌కు 3 పాయింట్లు. కానీ హజార్డ్‌లు (ఇన్-ఆఫ్‌లు, బంతిని పాకెట్‌లో వేయడాలు) వరుసగా 15కు మించకూడదు, మధ్యలో కానన్ (నీ బంతి మిగతా రెండు బంతులకూ తగలడం) పడాలి. పదో పదకొండో అయ్యేసరికే ప్రత్యర్థి బంతి ఎక్కడుందో చూసుకుని దారి వేసుకో. దాన్ని మాత్రం పాకెట్ చేయకు. అతని వంతు వచ్చేదాకా అది టేబుల్ మీదికి రాదు. 2 పాయింట్ల కోసం కానన్లన్నీ పోతాయి.

టాప్ ఆఫ్ ద టేబుల్ ఆటకు, అంటే బంతుల్ని టాప్ కుషన్ దగ్గరే ఉంచి ఆడే ఆటకు, తొందరపడకు. అక్కడ బంతులు అంగుళాల్లో కదలాలి. ఎర్రబంతిని టాప్ కుషన్ దగ్గరి స్పాట్ నుంచి వరుసగా రెండుసార్లు పాకెట్ చేస్తే మధ్య స్పాట్‌కు వెళ్లిపోతుంది, కాబట్టి ఈలోపే కానన్ కావాలి. విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ టైటిల్ 1958లో గెలిచాడు, మళ్లీ 1964లో గెలిచాడు. ఈ ఆటలో నీకూ చాలా ఏళ్లున్నాయి.

రోజూ ఈ ఒక్క ఇన్-ఆఫ్ యాభైసార్లు కొట్టు. పాకెట్ పడినవి ఒక గడిలో, ఎర్రబంతి సరైన చోట ఆగినవి ఇంకో గడిలో రాసుకో. వచ్చే ఉత్తరంలో నాకు రెండో గడి అంకె పంపు.